క్యారియర్ లేని సైకిల్

మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ చీటీలో ఈసారి ఆఖరి పాట నాది. నెలకి 3 వేల చొప్పున 20 నెలలు కట్టాను, 60 వేలు చేతికొచ్చాయి. పాలవాడి దగ్గరా పేపరువాడి దగ్గరా మిగిల్చిన చిల్లర అది. అందుకే దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో చెప్పే హక్కు ఎవరికీ ఇవ్వకూడదని ముందే అనుకున్నాను. “ఏం చేస్తారండీ ఆ డబ్బుతో?” అని పక్క ఫ్లాటావిడ అడిగితే “సైకిల్ కొంటాను” అన్నాను. ఆవిడ మనవడికి అనుకుంది పాపం. మాకింకా మనవలు లేరు.

సైకిల్ నాకే. అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోయాక వాడి పాత గేర్ల సైకిల్ బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చేది. మూడేళ్ళ కిందట ఓ ఆదివారం దానికి గాలి కొట్టించి, మా వీధిలో నలుగురు ఆడవాళ్ళు బీచ్ రోడ్డు మీదకి వెళ్తుంటే వాళ్ళ వెనక పడ్డాను. మొదటిరోజు ఆర్కే బీచ్ దాకా వెళ్ళి రెండు రోజులు మెట్లెక్కలేకపోయాను. ఇప్పుడు రుషికొండ దాకా వెళ్ళొచ్చి ఇడ్లీ పెట్టేస్తున్నాను. 48 ఏళ్ళకి నాకు దొరికిన చెడు అలవాటు ఇదొక్కటే. ఆ పాత సైకిల్ మొన్న దసరాకి పూర్తిగా మూలబడింది. వెనక గేర్లు అరిగాయి, చెయిన్ ఎగిరిపోతోంది, “దీని మీద పెట్టే డబ్బుతో కొత్తది కొనుక్కోండమ్మా” అని మెకానిక్ చేతులెత్తేశాడు.

నా ముందుకి రెండు సైకిళ్ళొచ్చాయి. మొదటిది షాపులో కొత్తది, రోడ్ బైకు. గొర్రెపోతు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, 28 మిల్లీమీటర్ల సన్నటి టైర్లు, అల్యూమినియం ఫ్రేము, బరువు పదిన్నర కిలోలు. ఒక చేత్తో ఎత్తి మూడో అంతస్తుకి తీసుకెళ్ళిపోవచ్చు. రెండోది వాడినది. నేవీలో పనిచేసే ఒకాయనకి కొచ్చి బదిలీ అయింది. ఆయన భార్య, పాతికేళ్ళమ్మాయి, తన సైకిల్ అమ్ముతోందని మా ఆదివారం బృందంలో ఎవరో చెప్పారు. అది టూరింగ్ బైకు. హ్యాండిలు దానికీ కొమ్ములే గానీ, ఉక్కు ఫ్రేము, లావు టైర్లు, మడ్‌గార్డులు, వెనక బలమైన క్యారియరు, దానికి రెండు పక్కలా కావిడిలా వేలాడదీసుకునే సంచులు. అన్నీ కలిపి 15 కిలోలకి తక్కువ ఉండదు. ధరలు మాత్రం విచిత్రంగా దగ్గర దగ్గరగానే ఉన్నాయి, కొత్తది 57 వేలు, ఇది 45 వేలు.

ఇంట్లో చెప్పగానే ఓట్లు పడిపోయాయి. మా ఆయన టూరింగ్ బైకుకే వేశారు. “క్యారియర్ ఉంది కదా, ఆదివారం వచ్చేటప్పుడు రైతుబజారులో కూరలు కూడా తెచ్చేయొచ్చు. నాకు కారు తీసే పని తప్పుతుంది.” అత్తయ్యగారు ఇంకాస్త ముందుకెళ్ళి, నా మందులు కూడా ఆ దారిలోనే కదమ్మా అన్నారు. అబ్బాయి ఫోన్లో రోడ్ బైకుకి వేశాడు. “అమ్మా, ఒక్కసారైనా నీ కోసం ఏదైనా కొనుక్కో. వేగంగా వెళ్ళు. ఎంజాయ్ చెయ్యి.” వాడు మంచివాడే. అయినా అమ్మ ఎలా ఆనందించాలో కూడా వాడే చెప్పేస్తున్నాడని అప్పుడు తోచలేదు, తర్వాత తోచింది.

షాపు కుర్రాడు మంచివాడు. పొద్దున్న బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసే వేళకి రోడ్ బైకు పట్టుకొచ్చి, సబ్‌మెరైన్ దగ్గర నా చేతిలో పెట్టాడు. “వుడా పార్కు దాకా వెళ్ళి రండి మేడం” అన్నాడు.

ఎలా చెప్పను? పెడల్ మీద కాలు పెట్టానో లేదో అది కదిలిపోయింది. తాడు విప్పిన దూడ ఎలా ఉంటుందో అలాగ. నడకకొచ్చిన పెద్దాయనని తప్పించాలని మనసులో అనుకునేలోపే పక్కకి తిరిగింది. పార్కు దగ్గర వెనక్కి తిరిగేసరికి నేను నవ్వుతున్నానని నాకే తెలిసింది. తొమ్మిదో క్లాసులో నాన్న సైకిల్ మీద, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అడ్డంగా తొక్కుతూ చెరువుగట్టు దిగినప్పుడు నవ్విన నవ్వది. ఆ ఏడాదే నేను పెద్దమనిషినయ్యాను, సైకిల్ తమ్ముడికి వెళ్ళిపోయింది. నాన్న ఏమీ అనలేదు. అమ్మా ఏమీ అనలేదు. నాన్నమ్మ అన్నది చాలింది.

అంత చురుకు బరువు తక్కువవడం వల్లేనా అని కుర్రాణ్ణి అడిగాను. బరువు కొంతేనట. రెండు చక్రాలూ దగ్గర దగ్గరగా ఉండటం, ముందు ఫోర్కు కాస్త నిటారుగా ఉండటం, చక్రాలు తేలిక కావడం వల్ల మనం కాస్త వంచితే చాలు తిరిగిపోతుందట. మనం ముందుకి వంగి కూర్చుంటాం కాబట్టి గాలి కూడా తక్కువ తగులుతుంది. ఆ వంగడమే నాకు కొంచెం ఇబ్బంది. మెడ పట్టింది. బ్రేకులు కూడా వేళ్ళకి అందలేదు. కానీ బ్రేకు పిడి దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే పిడి మన వేళ్ళ దగ్గరికి వస్తుంది. ఈ సంగతి అడిగితే గానీ చెప్పరు, చిన్న చేతులున్నవాళ్ళు అడగండి. హ్యాండిలు దూరమైతే దాన్ని పట్టి ఉంచే ముక్క కూడా పొట్టిది వేయించుకోవచ్చు. సీటు మాత్రం ఎవరి సీటు వాళ్ళదే. మెత్తగా ఉందని కొంటే పది కిలోమీటర్లకే తెలిసొస్తుంది. మన తుంటి ఎముకలు ఆనేంత వెడల్పుంటే, గట్టిదే నయం.

ఆ రోజు ఇంటికొచ్చి పప్పు తాలింపు వేస్తూ కూడా అదే ఆలోచన. నాకు ఆ సైకిల్లో అన్నిటికంటే నచ్చింది ఏమిటో తెలుసా? దానికి క్యారియర్ లేదు. పెట్టించుకుందామన్నా ఫ్రేముకి బోల్టులు బిగించుకునే కన్నాలు లేవు. దాని మీద ఎవరూ ఏమీ పెట్టలేరు. “వెళ్తున్నావు కదా, ఇది కూడా” అని ఎవరూ అనలేరు. ఇరవయ్యారేళ్ళ కాపురంలో నేను కొన్నవన్నీ గట్టివే, మాసినా కనపడని రంగులే. స్టీలు గిన్నెలు, ముదురు రంగు కర్టెన్లు, ఉతికితే ముడతపడని చీరలు. నా కోసం కొనుక్కున్న చెప్పులు కూడా రెండేళ్ళు రావాలని చూసే కొన్నాను. ఒక్కటి, ఒకే ఒక్కటి, దేనికీ పనికిరానిది ఉంటే ఏం పోయింది? రోడ్ బైకే కొంటానని ఆ రాత్రి నిర్ణయించేసుకున్నాను. మా ఆయనకి చెప్పలేదు.

మరి రెండోదాన్ని చూడటానికి ఎందుకు వెళ్ళానంటే, ఆ నేవీ అమ్మాయికి వస్తానని మాటిచ్చాను కాబట్టి. మర్యాద కోసం. ఆ అమ్మాయి ఐదో నెల గర్భిణి. సైకిల్ ఇంట్లో కళ్ళెదురుగా ఉంటే ఎక్కబుద్ధేస్తుంది ఆంటీ, అందుకే అమ్మేస్తున్నా అని వచ్చీరాని తెలుగులో చెప్పింది. ఎత్తు నాలాగే, అయిదడుగుల రెండంగుళాలు. పొట్టివాళ్ళకి సరిపడేలా చక్రాలు కూడా ఒక సైజు చిన్నవి, 26 అంగుళాలవి. ఆదివారం దాకా ఉంచుకోండి, నచ్చకపోతే తిరిగిచ్చేయండి అంది.

మొదటి అరగంట నిజంగా విసుగొచ్చింది. రోలుకి చక్రాలు కట్టి తొక్కుతున్నట్టుంది. ఎక్కి తొక్కితే కదలడానికి ఓ క్షణం ఆలోచిస్తుంది. పాత ఇంట్లో ఉండే పెద్ద కోడలిలాగ, పిలిస్తే వస్తుంది గానీ పరిగెత్తదు. తెన్నేటి పార్కు దాటాక కాస్త సర్దుకుంది. ఒక చెయ్యి వదిలి చున్నీ సర్దుకున్నాను, నీళ్ళు తాగాను, సైకిల్ ఇటూ అటూ ఊగలేదు, గీత గీసినట్టు వెళ్ళింది. రోడ్ బైకు మీద ముక్కు దురద పెడితే ఆగాల్సిందే. సాగర్ నగర్ దగ్గర రోడ్డు తవ్వి పూడ్చిన చోట, మిగతావాళ్ళంతా సీట్ల మీంచి లేచి, పళ్ళు బిగించి దాటారు. నాకు గతుకు వచ్చిందని తెలిసింది, అంతే.

వెనక్కి వచ్చేటప్పుడు పంతం కొద్దీ కైలాసగిరి ఎక్కాను. ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, విసుక్కోకండి. రోడ్ బైకుకి ముందున్న రెండు పళ్ళ చక్రాల్లో చిన్నదానికి 34 పళ్ళు, వెనక అన్నిటికంటే పెద్దదానికి 32. అంటే ఎంత తేలిక గేరులో పెట్టినా పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు కంటే కాస్త ఎక్కువే తిరగాలి. టూరింగ్ దానికి ముందు మూడు చక్రాలు, చిన్నదానికి 26 పళ్ళే, వెనక 34. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ముప్పావు చుట్టే తిరుగుతుంది. బావిలో నీళ్ళు పెద్ద బకెట్‌తో మూడుసార్లు తోడతావా, చిన్న చెంబుతో పదిసార్లు తోడతావా అన్నట్టు. నేను చెంబు మనిషిని. నడిచే మనిషి కంటే కొంచెం వేగంగా, ఆయాసపడకుండా, దిగకుండా కొండెక్కేశాను. నా పాత సైకిల్ని ఆ మలుపుల్లో ఎన్నిసార్లు తోసుకుంటూ ఎక్కానో.

అయినా మనసు మారలేదు. మంచి సైకిలే, కానీ దూడ దూడే అనుకున్నాను. దానికి తోడు మా ఊరి ఉప్పుగాలి సంగతి ఉంది. విశాఖలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, కిటికీ గ్రిల్లు, ఏసీ బయటి డబ్బా, ఆఖరికి స్టీలు అనుకుని కొన్న బట్టల క్లిప్పుల స్ప్రింగులు కూడా తుప్పు పట్టేస్తాయి. ఉక్కు సైకిల్ ఇక్కడ కొనడం బుద్ధున్న పనేనా? అల్యూమినియం తుప్పు పట్టదు కదా. తిరిగిచ్చేసేటప్పుడు ఆ అమ్మాయిని అదే అడిగాను. సీటు గొట్టం తీసి ఫ్రేము లోపలికి నూనె పోసి అటూ ఇటూ తిప్పి ఆరబెడతానంది, తడిస్తే తల్లకిందులుగా నిలబెట్టి నీళ్ళు కారనిస్తుందట, పెయింటు లేచిన చోట గోళ్ళ రంగు వేస్తుందట. చూపించింది. ఎర్ర రంగు, మూడు చోట్ల. నాలుగేళ్ళ నుంచీ సముద్రం పక్కనే ఉందంది.

“ఎక్కడెక్కడికి వెళ్ళావమ్మా దీని మీద?” అని అడిగాను, లడఖో ఏదో చెప్తుందనుకుంటూ.

“మా అమ్మ ఇంటికి” అంది. కోజికోడ్ దగ్గరట. రైల్లో సైకిల్ వేసి దింపుకుని, స్టేషన్ నుంచి 90 కిలోమీటర్లు తొక్కుకుంటూ వెళ్ళిందట. రెండుసార్లు.

ఆ మాట దగ్గర నాకు సైకిల్ సంగతి మర్చిపోయి వేరే సంగతి గుర్తొచ్చింది. మా అమ్మది నెల్లిమర్ల దాటాక చిన్న పల్లె. మా ఇంటి నుంచి 70 కిలోమీటర్లుంటుంది. నాన్న పోయాక అమ్మ ఒక్కతే. మీరడుగుతారు, బస్సుల్లేవా అని. ఉన్నాయి. విజయనగరం దాకా బస్సు, అక్కడి నుంచి షేరాటో, రెండున్నర గంటల పని. కానీ ఇరవయ్యారేళ్ళలో నేను కారణం లేకుండా, ఒక్కదాన్నే, పుట్టింటికి వెళ్ళింది లేదు. పండగో పెళ్ళో తద్దినమో ఉండాలి, ఈయనకి సెలవుండాలి, కారు తీయాలి, సాయంత్రానికి తిరిగొచ్చేయాలి. ఆడపిల్ల ఊరికే ఒంటరిగా సంచి పట్టుకుని బస్సు దిగితే ఊళ్ళో అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. కిందటి వేసవిలో అమ్మకి నాలుగు రోజులు జ్వరమొస్తే, తగ్గిపోయాక ఫోన్ చేసి చెప్పింది. ముందే ఎందుకు చెప్పలేదంటే, మీకు ఇబ్బంది కదా అంది. నన్ను అడగలేదు. “మీకు” అంది.

ఇక రోడ్ బైకు వైపు నుంచి ఆలోచించాను. 70 కిలోమీటర్లు దాని మీద వెళ్ళలేమా? సులువుగా, ఇంకా తొందరగా వెళ్తాం. కానీ రెండు రాత్రులుండాలంటే బట్టలు, అమ్మ మందులు, పంక్చరు సామాను, నీళ్ళు ఎక్కడ పెట్టను? వీపుకి సంచి వేసుకుంటే గంటకే భుజాలు లాగేస్తాయి, వీపు చెమటకి నానిపోతుంది. ఎలాగోలా వెనక సంచి తగిలించినా, రోడ్ బైకు వెనక చక్రం సీటుకి బాగా దగ్గరగా ఉంటుంది, తొక్కుతుంటే మడమ సంచికి తగులుతుంది. టూరింగ్ దానికి ఆ దూరం నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. మడమ కోసం వదిలిన జాగా అది. నేను మందకొడితనం అనుకున్నదాంట్లో సగం ఆ నాలుగు సెంటీమీటర్లదే.

క్యారియర్ మీద నాకున్న కోపం న్యాయమైనదే, ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ దాని మీద నా రెండు జతల బట్టలు పెట్టుకుని నేను ఎక్కడికైనా వెళ్ళొచ్చన్నది, ఓట్లేసిన వాళ్ళెవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. 45 వేలు ఆ అమ్మాయి చేతిలో పెట్టి, మిగిలినదాంట్లోంచి చీరా జాకెట్టు గుడ్డా పెట్టి వచ్చాను. ఐదో నెల కదా, ఉత్తచేతులతో ఎలా వెళ్తాం?

ఇంట్లో ఒక షరతు పెట్టాను. ఈ సైకిల్ మీద రైతుబజారు కూరలు రావు, మందులూ రావు. అత్తయ్యగారు మొహం చిన్నబుచ్చుకున్నారు. రెండో రోజు ఆవిడ మందులు నడిచెళ్ళి తెచ్చిపెట్టాను, అది వేరే సంగతి.

సంక్రాంతి హడావిడంతా అయ్యాక, ఫిబ్రవరిలో ఒక శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరాను. “ఎందుకిప్పుడు?” అన్నారీయన. “ఊరికే” అన్నాను. ఆయన కాసేపు చూసి, టైర్లలో గాలి నొక్కి చూసి, లైటు వేసి చూసి, తలుపు వేసుకోకుండా లిఫ్టు దాకా వచ్చారు. రెండు రోజులకి సాంబారు ఫ్రిజ్‌లో ఉంది.

తొట్లకొండ కింద తెల్లారింది. మంగమారిపేట దగ్గర వలలు దులుపుతున్న ఆడవాళ్ళు నన్నూ సంచుల్నీ చూసి ఏవో అమ్మడానికి తీసుకెళ్తున్నాననుకున్నారు, “ఏటమ్మా అందులో?” అని అడిగారు. బట్టలే అంటే నమ్మలేదు. ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి చేరేసరికి ఆకలి దంచేస్తోంది. రెండు ప్లేట్లు పెసరట్టు తిన్నాను. ఒంటరిగా హోటల్లో కూర్చుని తినడం కూడా నాకు కొత్తే. అక్కడి నుంచి తగరపువలస, అక్కడి నుంచి విజయనగరం రోడ్డు. ఎండెక్కాక ఒక చోట చింతచెట్టు కింద అరగంట కూలబడ్డాను, కాళ్ళు వణికాయి, ఎవరికైనా ఫోన్ చేద్దామా అనుకున్నాను. చెయ్యలేదు. నెల్లిమర్లలో చంపావతి వంతెన దాటాక ఇక దారి నా కాళ్ళకే తెలుసు.

అమ్మ వాకిట్లో కంది ఎండబెడుతోంది. ముందు నన్ను చూసింది, తర్వాత నా వెనక్కి చూసింది. “అల్లుడుగారేరీ?”

“రాలేదమ్మా. నేనే వచ్చేను.”

అమ్మ మొహం మారిపోయింది. చేతిలో చేట కింద పెట్టేసి, వీధిలో వాళ్ళకి వినపడకుండా దగ్గరికొచ్చి, “ఏటైందమ్మా? ఇంట్లో ఏటైనా గొడవా?” అంది.

“ఏటీ అవలేదు. సైకిల్ కొన్నాను, నీకు చూపిద్దామని వచ్చేను.”

నమ్మడానికి అమ్మకి ఆ రోజంతా పట్టింది. సాయంత్రం ఈయన ఫోన్ చేసి, చేరిందా అత్తయ్యా అని మామూలుగా మాట్లాడాక గానీ తేరుకోలేదు. అప్పుడు లాంతరు లైటు పట్టుకుని వచ్చి సైకిల్ చుట్టూ తిరిగింది. క్యారియర్ పట్టుకుని ఊపి చూసింది. “మీ నాన్న సైకిల్ కన్నా గట్టిగుందే” అంది. కాసేపాగి, “అప్పుడు అది తమ్ముడికి ఇచ్చేయకుండా ఉండాల్సింది” అంది. నేను ఏమీ అనలేదు. చాపలు వేసుకుని పడుకున్నాం.

ఆదివారం తెల్లారుజామున బయల్దేరుతుంటే, వద్దన్నా వినకుండా వడియాలకని బూడిద గుమ్మడికాయ తెచ్చి కుడివైపు సంచిలో పెట్టింది. సైకిల్ ఆ పక్కకి ఒరిగింది. రెండు పక్కలా సమానంగా ఉండాలమ్మా, బరువు కిందికి ఉండాలి అని నేను చెప్పబోతున్నాను, ఈలోపే అమ్మ లోపలికెళ్ళి కంది పప్పు, బెల్లం, వంకాయలు తెచ్చి, ఎడమ సంచిని చేత్తో ఎత్తి తూచుకుంటూ అడుగున పప్పు, పైన వంకాయలు సర్దింది. చెయ్యి వదిలితే సైకిల్ నిటారుగా నిలబడింది. చిన్నప్పుడు ఆవిడ కావిడి మొయ్యడం నేను చూశాను, మర్చిపోయాను.

భీమిలి దాటాక ఎదురుగాలి. ఆ గుమ్మడికాయతో రుషికొండ ఎత్తు ఎక్కుతుంటే, వెనక నుంచి మా ఆదివారం బృందంలోని అమ్మాయి తన రోడ్ బైకు మీద సర్రున దాటిపోయింది. గాలికి వంగి, చక్రాల చప్పుడు కూడా లేకుండా. “ఆంటీ, సూపర్!” అని అరిచింది గానీ నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళొచ్చింది. ఆ దూడ ఇంకా నా కళ్ళ ముందు ఆడుతూనే ఉంది. ఇంకో చీటీ కట్టడం మొదలుపెట్టాను, దేనికో ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి చేరాక సంచులు ఈయన దించారు. వంకాయలు చూసి, గుమ్మడికాయ చూసి, నా వైపు చూశారు. “కూరలు రావన్నావు?”

“రైతుబజారు కూరలు రావన్నాను” అన్నాను, తడిగుడ్డతో చెయిన్ దగ్గర ఉప్పు తుడుచుకుంటూ. పెడల్ పక్కన ఆవగింజంత తుప్పు కనపడింది. గోళ్ళ రంగు ఎక్కడుందో వెతకాలి.